అత్త పేరు పలకని కోడలు

కింశుకపురి కోట తూర్పు వాకిట్లో, బారెడు పొద్దెక్కే వేళకు ఇద్దరు యోగులు వచ్చి నిలబడ్డారు. ఒకడు ఇరవై రెండేళ్ళవాడు. ఒంటినిండా విభూతి, తలకు జడలు, భుజాన జింకచర్మం మూట. రెండో ఆవిడ ఎనభై దాటిన ముసలిది. కాషాయం చుట్టుకుని, మెడలో రుద్రాక్షలు వేసుకుని, నోటికి అడ్డంగా తెల్లగుడ్డ కట్టుకుంది.

ఆ జడలు జనపనారవి. విభూతి పొయ్యిలో బూడిద. మూటలో ఉన్నది ఇరవై బారల మోకు, ఒక గునపం. యోగి పేరు చెలమయ్య, బావులు తవ్వే కూలివాడు. ముసలావిడ వాడి మామ్మ గైరమ్మ.

సూర్యుడు నడినెత్తికి వచ్చి బావిలో నీడ మాయమయ్యే క్షణాన, చెలమయ్య మరదలు పైడిని కోటలోని పెద్దబావి అడుగున బతికుండగానే గోడకట్టి పూడ్చేస్తారు. ఆ క్షణానికి ఇంకా పది ఘడియలున్నాయి.

ఈ దుర్మార్గం ఎక్కడ పుట్టిందో చెప్పాలి. ఒకప్పుడు ఆ రాజ్యంలో బావులకు ఆడవాళ్ళ పేర్లుండేవి. తవ్వకం మొదలెట్టినప్పుడు తొలి తట్ట మట్టి ఏ ఆడది నెత్తిన పెట్టుకుని బయటపోసిందో ఆవిడ పేరే బావి పేరు. జల పడగానే అడుగున ఉన్నవాడు గొంతెత్తి ఆ పేరు పైకి కేకేసేవాడు. అంతే. హోమం లేదు, శాసనం లేదు, బ్రాహ్మడికి దానం లేదు.

ఆ రోజుల్లో ఊళ్ళు ఎలా మాట్లాడుకునేవో తలచుకుంటే నోరు తియ్యగా అవుతుంది. పొద్దున్నే కడవ చంకనెత్తుకుని "సీతాలు దగ్గరికి పోతన్నాను" అనేవాళ్ళు. అప్పలకొండ నీళ్ళతో కందిపప్పు దూదిలా ఉడికేది. సన్యాసమ్మ నీళ్ళు ఉప్పన, కానీ చంటిపిల్లల గజ్జి మానేది. ఎండాకాలం వచ్చి నీళ్ళు తగ్గితే "ఏమ్మా సీతాలూ, మాతో అలిగేవా" అని బావి గట్టున కూచుని బతిమాలేవాళ్ళు. బతిమాలితే మర్నాటికి చేరెడు ఊరేది కూడాను. నీళ్ళు చేదేవాళ్ళకూ నీళ్ళకూ మధ్య మాటలుండేవి.

తర్వాత రాజులకు సిగ్గు పుట్టింది. మట్టి మోసినదాని పేరు చెప్పుకుని మహారాణి నీళ్ళు తాగాలా అన్నారు. ఇప్పటి రాజు వజ్రమకుటుడి తాత బావి బావికీ రాయి పాతించి దానిమీద తన బిరుదులు చెక్కించాడు. పాత పేరు పలికినవాళ్ళ నాలుక కోయించాడు. నీళ్ళకు చదువు రాదు. రాతిమీద ఎన్ని బిరుదులు చెక్కినా వాటికి తెలియదు. తమను పిలిచే గొంతు వినపడక, అవి ఏడాదికి రెండు మెట్ల చొప్పున కిందికి దిగి, దిగి, మూడేళ్ళ కిందట కనపడకుండా పోయాయి.

అప్పుడు ఊడిపడ్డాడు మాంత్రికుడు శోషకభట్టు. పెద్దబావి ఆడపిల్లను అడుగుతోందని, ఆ బావి తవ్విన వంశంలో పిల్లను దాని అడుగున పూడిస్తే జల పడుతుందని రాజుకు నూరిపోశాడు. ఆ వంశపు ఆఖరి ఆడపిల్ల అక్కడ చస్తే నీటికి ఈ లోకంలో నా అన్నవాళ్ళు ఉండరు. దిక్కులేని నీరు వాడి కమండలంలోకి వచ్చి చేరుతుంది. ఆపైన రాజ్యం మొత్తం వాడి దోసిలికింద నోరు తెరిచి నిలబడాల్సిందే. ఈ సంగతి రాజుకు తెలియదు. తెలిసినా ఆయన చేసేదేమీ లేదు. రాజులకు దాహం తమ నోటిదాకే.

పైడిని భటులు పట్టుకుపోయిన నాటినుంచి చెలమయ్య తొమ్మిది రోజుల్లో ఉప్పుటెడారి దాటాడు, రెండు తలల ఉడుమును గునపంతో చంపాడు, ఎండిపోయిన జలపాతం వెనక గుహలో దాక్కున్న యక్షిణి జుట్టు పట్టుకుని నిజం కక్కించాడు. అది చెప్పింది ఒకే మాట.

"ఆ బావి అడిగింది ఆడదాన్ని కాదురా, ఆడదాని పేరు."

పేరు తెలిసినవాళ్ళు లోకంలో ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ చెలమయ్య ఇంట్లోనే ఉన్నారు. అరవై అయిదేళ్ళ కిందట పెద్దబావికి తొలి తట్ట మోసింది గైరమ్మ అత్తగారు. అప్పటికి గైరమ్మ పదహారేళ్ళ కొత్త కోడలు. తోటివాళ్ళంతా చచ్చిపోయారు. చెలమయ్య గుహనుంచి ఎగురుకుంటూ ఇంటికొచ్చి, కాళ్ళమీద పడి, ఆ పేరు చెప్పమన్నాడు.

గైరమ్మ నోరు మూసుకుంది.

భయపడి కాదు. నాలుక కోస్తారని కాదు. అత్త పేరు కోడలు పలకకూడదు. అరవై అయిదేళ్ళలో ఒక్కసారైనా పలకలేదు. కలలో కూడా పలకలేదు.

"అత్త పేరు నోటంట వొస్తే ఇల్లు నిలుస్తాదేట్రా?" అంది.

"ఇల్లు కూలిపోయి మూడేళ్ళయిందే మామ్మా. ఇప్పుడు పోయేది పైడి."

ముసలిది కుళ్ళికుళ్ళి ఏడ్చింది. పైడి ఆవిడ కూతురి కూతురు, చేతులమీద పెరిగిన పిల్ల. అయినా పేరు గొంతులోంచి రాలేదు. చివరకు, బావి మొహం చూస్తే నోరు పెగులుతుందేమో, తీసుకుపొమ్మంది. దారి పొడుగునా చెలమయ్య తనకు తెలిసిన ఆడపేర్లన్నీ వల్లించాడు, తగిలితే తల ఊపమన్నాడు. ఆవిడ రెండు చెవులూ మూసుకుని నడిచింది. తల ఊపడమూ పలకడమే కదా అని ఆవిడ లెక్క.

ఆ తల్లి పేరును రాజు ఉలితో చెరిపాడు. కోడలు మర్యాదతో చెరిపింది. ఉలి కంటే మర్యాదే నున్నగా చెరుపుతుంది.

మాట్లాడని మనిషికి మౌనయోగిని వేషం కంటే కుదిరేది ఏముంది? అలా వచ్చారు కోట వాకిటికి.

వాకిలి కాస్తున్నవాడు యవనుడు, సముద్రాలు దాటి వచ్చిన గ్రీకువాడు. తాటిచెట్టంత మనిషి, రాగితీగల్లాంటి గడ్డం, చేతిలో నిలువెత్తు ఈటె. ఎవరని గద్దించాడు. మౌనయోగిని అని, అరవై అయిదేళ్ళుగా ఒక పేరు నోట పలకలేదని చెలమయ్య జవాబిచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ జింకచర్మం చిరుగులోంచి గునపం మొన తొంగిచూసింది. యవనుడు ఈటె తీసి చెలమయ్య గొంతుమీద ఆనించాడు.

ఇక వేషం దండగని చెలమయ్య ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బావి, పైడి, మధ్యాహ్నం, పేరు.

ఈటె కొంచెం కిందికి దిగింది. యవనుడు తన దేశం సంగతి చెప్పుకొచ్చాడు. అక్కడా ఒక ఊరిమీద పిచ్చిజబ్బు విరుచుకుపడితే, దేవుడికి ఒక పిల్లను బలి ఇమ్మన్నారట. ఆమె బదులు చావడానికి కన్నవాళ్ళతో సహా ఒక్కరూ ముందుకు రాలేదట. ఆమెను కోరి కాదనిపించుకున్న పూజారే బలికత్తి పట్టుకుని, ఆమె మొహం చూసి, ఆ కత్తి తన గుండెలో దించుకున్నాడట. తర్వాత ఆ పిల్ల ఊరిబయట ఊట దగ్గరికి నడిచి వెళ్ళి ప్రాణం తీసుకుందట. పెద్ద కథల్లో ఆమెకు చోటు లేదు. వీరుల వరసలో ఎక్కడా రాదు.

"ఊటకి మాత్రం ఆ పిల్ల పేరే," అన్నాడు యవనుడు. "కల్లిరోయె. చక్కగా పారేది అని అర్థం. నీళ్ళు తాగేముందు ఆ పేరు అనాలి. మా అమ్మ అనిపించేది. ఇరవై ఏళ్ళయింది అని."

గైరమ్మ చేతి సైగతో మళ్ళీ అనమంది. అన్నాడు. గుడ్డ కింద ముసలిదాని పెదవులు కదిలాయి. ఎక్కడో సముద్రాల అవతలి ఊట పేరు ఆవిడ నోట నిలిచింది.

యవనుడు పక్కకు తప్పుకున్నాడు. రెండో ప్రాకారంలో ఇత్తడి ఏనుగులున్నాయని, అడుగుల చప్పుడు పసిగట్టి తొక్కేస్తాయని మాత్రం హెచ్చరించాడు.

రెండో ప్రాకారం చూసి తీరాల్సిందే. చంద్రకాంతశిలల నేల, పగడపు తీగలు పాకించిన గోడలు, స్తంభం స్తంభానికీ రత్నాల కళ్ళు పెట్టిన చిలకలు. గాలి వీస్తే మువ్వలు మోగే బంగారు తోరణాలు. ఆ తోరణాల కింద రెండు ఇత్తడి ఏనుగులు, ఒక్కొక్కటి మేడంత, కడుపులో నిప్పులు, తొండాల్లోంచి పొగ. గుక్కెడు నీళ్ళు లేని ఊరికి ఇంత సొగసు.

చెలమయ్య మామ్మను వీపున కట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో మొదటి ఏనుగు చెవులు రెపరెపలాడాయి. అది దూసుకొచ్చింది. వాడు పరుగెత్తలేదు. నేలకు చెవి ఆనించి పడుకున్నాడు. బావులు తవ్వేవాడికి చెవే కన్ను. ఎక్కడ రాయి ఉందో ఎక్కడ బోలు ఉందో చప్పుడుబట్టి చెప్పేస్తాడు. రెండు బారల దూరంలో నేల బోలుగా పలికింది. పెద్దబావి పూడిక తీసే పాత సొరంగం అది, వాడి తాత తవ్వినది. లేచి ఒక్క గెంతులో అక్కడికి చేరి, బండల అతుకులో గునపం దింపి ఎత్తాడు. బండ జారింది. దానిమీద కాలు మోపిన ఏనుగు తొండంతో సహా గుంటలో కూలి ఇరుక్కుపోయింది. రెండోది వచ్చి దంతం విసిరితే జనపనార జడలు ఊడి దంతానికి వేలాడాయి. తల మిగిలింది. చెలమయ్య పడిన ఏనుగు వీపుమీద నుంచి సొరంగంలోకి జారిపోయాడు.

పూడుకుపోయిన చోటల్లా తవ్వుకుంటూ పోతే, సొరంగం సరాసరి పెద్దబావి గట్టుకు తేల్చింది. అప్పటికే పొద్దు నెత్తిమీదికి వచ్చేస్తోంది.

నూట ఎనిమిది మెట్లు. మెట్టు మెట్టుకూ హంసలు, తామరలు, చేపలు, నీళ్ళాడే అప్సరసలు. నీడ పడితే శిల్పం కదిలినట్టుండే పనితనం. చెక్కినవాళ్ళలో ఒక్కడి పేరూ ఎక్కడా లేదు. పైన శిలాశాసనం మీద మాత్రం రాజుగారి తాత బిరుదులు పదహారు వరసల్లో ఉన్నాయి. వెల్లగొడుగు కింద వజ్రమకుటుడు కూచున్నాడు. ఆయన ముందు పండితులు బావిలోకి వంగి మందాకినీ, హంసధునీ, అమృతతరంగిణీ అని తోచిన పేరల్లా పిలుస్తున్నారు. దుమ్ము కూడా కదలడం లేదు. శోషకభట్టు ఎండిన చింతకాయలా ఒక పక్క నిలబడి, కమండలం మూత తీసి పట్టుకున్నాడు.

అడుగున పైడి. కాలికి గొలుసు. చుట్టూ తాపీవాళ్ళు గోడ నడుమెత్తు లేపారు. చావబోయే పిల్ల ఏడవడం లేదు. గోడ వంకర పోతోందని, తూకం గుండు వెయ్యకుండా కట్టే గోడ తనమీద పడి తను ముందే చస్తే పాపం మాంత్రికుడి ముహూర్తం తప్పుతుందని తాపీవాళ్ళను దులుపుతోంది.

అందరి చూపూ బావి అడుగునే ఉండగా, చెలమయ్య మోకు ఒక కొస శిలాశాసనానికి బిగించాడు. బిరుదులకు ఆ ఒక్క ఉపయోగం కలిగింది. రెండో కొస నడుముకు కట్టుకున్నాడు. మధ్యలో మోకు మామ్మ చేతిలో పెట్టాడు. ఆవిడకు చెప్పనక్కర్లేదు. గునపాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి బావిపనిలో మోకే మాట్లాడుతుంది. ఒకసారి లాగితే తట్ట నిండిందని. రెండుసార్లు లాగితే జల పడిందని. మూడుసార్లు లాగితే నన్ను పైకి తియ్యండని.

భటులు చూసేలోపు దూకేశాడు.

శోషకభట్టు గుప్పెడు బూడిద ఊదాడు. బావి గోడలనుంచి ఇసుక పాములు వందలు జారి వాడిని చుట్టుకున్నాయి. మోకుమీద జారుతూనే గునపం గిర్రున తిప్పాడు. తెగిన పాము తెగినట్టే ఇసుకై రాలింది. అడుగున కాళ్ళు ఆనేసరికి తాపీవాళ్ళు పనిముట్లు పారేసి మెట్లెక్కి పరుగు తీశారు. గొలుసుమీద గునపం దెబ్బ వేశాడు. ఒక లంకె తెగి, రెండు పుట్టాయి. మళ్ళీ వేశాడు. రెండు తెగి, నాలుగు పుట్టాయి. మాంత్రికుడు పైనుంచి నవ్వాడు. పైనుంచి దిగుతున్న ఎండ డెబ్భయ్యో మెట్టు దాటింది, ఎనభయ్యోది దాటింది.

అప్పుడు పైడి తలెత్తి, గట్టున మోకు పట్టుకున్న ముసలిదాన్ని చూసి పిలిచింది.

"అమ్మమ్మా, నాను సచ్చినాక ఈ బావికి నా పేరెడతారంట. నాకొద్దు. ఇదివరకే ఒకాయమ్మ పేరుంది గదా దీనికి. ఆయమ్మది ఆయమ్మకే ఉండనీ."

గైరమ్మ చేతిలోని మోకు వంక చూసింది.

ఆవిడకు ఈ గట్టే గుర్తొచ్చింది. అప్పుడు మెట్లు లేవు, హంసలు లేవు, ఎర్రమట్టి గుంట. అడుగున అత్త, గట్టున మెట్టవూరినుంచి వచ్చిన పదహారేళ్ళ కోడలు తను. చెరువు తప్ప ఊట చూసి ఎరగదు. మోకు రెండుసార్లు కదిలింది, జల పడిందని అందరూ కేకలేశారు. కానీ మోకు ఆగలేదు. ఇంకో రెండుసార్లు కదిలింది. నాలుగు లాగుళ్ళకు బావిపనిలో అర్థం లేదు. అది అత్తాకోడళ్ళ మధ్యే పుట్టిన మాట. వంటింటి గోడకు అటు నుంచి అత్త నాలుగుసార్లు తడితే, అందరూ పడుకున్నారు, రా, ఇద్దరం కలిసి తిందామని. ఆ రోజు దడదడలాడుతూ గుంటలోకి దిగితే, మోకాళ్ళదాకా బురదలో నిలబడి అత్త నవ్వుతోంది. దోసెడు ఎర్రనీళ్ళు కోడలి నోటికి అందించింది. ముందు నువ్వు తాగు, రాజు తర్వాత తాగుతాడులే అంది. ఆ మట్టివాసన, ఆ చేతి గరుకు. అంతటి మనిషిని ఇన్నేళ్ళూ మర్యాద పేరుతో నోరు మూసి చంపుకుంది తనే.

ఎండ నూరో మెట్టు మీద పడింది.

గైరమ్మ నోటి గుడ్డ పీకి పారేసింది. బావిలోకి వంగింది.

"నూకాలత్తా."

గొంతు ముందు పీలగా వచ్చింది. మళ్ళీ పిలిచింది. ఈసారి కోట గోడలు మారుపలికాయి.

"ఓ నూకాలత్తా. నానే, గైరిని. నీ కోడల్ని. తప్పయిపోనాది. రా."

పండితులు ముక్కుమీద వేలేసుకున్నారు. అమృతతరంగిణి ఎక్కడ, నూకాలు ఎక్కడ అని ఒకాయన నవ్వబోయాడు. నవ్వు పూర్తి కాలేదు. బావిలోంచి మట్టివాసన పైకి కొట్టింది, మూడేళ్ళుగా ఆ రాజ్యంలో ఎవరూ ఎరగని వాసన. వెల్లగొడుగు పట్టినవాడు గొడుగు వదిలేసి ఆ గాలి పీల్చుకున్నాడు. అడుగున రాతిపలక చిట్లింది. ఎర్రటి నీరు బుగ్గలా ఎగజిమ్మింది. గొలుసు తడవగానే తుప్పుపట్టి పొడిపొడిగా రాలిపోయింది. గోడ కూలింది. నీళ్ళు చెలమయ్య మోకాలు, నడుము, గొంతు దాటాయి. పైడి చెయ్యి పట్టుకుని వాడు పైకి చూసిన చూపే ఆఖరు. ఇద్దరినీ నీరు కప్పేసింది.

శోషకభట్టు చేతిలో కమండలం టప్పున పగిలింది. వాడు పళ్ళు కొరికి మొసలి రూపమెత్తి బావిలోకి దూకాడు. నీళ్ళమీద తోక ఒక్కసారి కొట్టి లోపలికి మాయమయ్యాడు.

అంతటి నీళ్ళు చూసి వజ్రమకుటుడు ముందు చేసిన పని ఏమిటో తెలుసా? తాతగారి శాసనం మీరి నిషిద్ధనామం పలికిందని ముసలిదాని నాలుక కొయ్యమన్నాడు. కత్తులు దూసి పదిమంది కదిలారు. మెట్లకు అడ్డంగా ఒక ఈటె దిగింది. యవనుడు. వాకిలి వదిలేసి వచ్చేశాడు. ఒక చేత్తో ఈటె పట్టుకుని, వంగి, రెండో చేత్తో నీళ్ళు ముంచుకుని, తాగేముందు, అమ్మ నేర్పిన పిల్లాడిలా అన్నాడు.

"నూకాలు."

కత్తులు ఈటెమీద పడ్డాయి.

గైరమ్మ వెనక్కి చూడలేదు. నీరు పైమెట్టుదాకా వచ్చింది. మనవడు తేలలేదు, మనవరాలు తేలలేదు. మోకు మాత్రం బిగిసి, కదలకుండా, ఎర్రనీళ్ళలోకి దిగి ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని చూసింది.

మోకు ఒకసారి కదిలింది. తర్వాత రెండోసారి. మూడోసారి కదలగానే ముసలిది కాలు తన్నిపెట్టి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పైకి లాగింది. మోకు జానెడు కూడా రాలేదు. అవతల పట్టుకున్నది పిల్లలా, మొసలా?

నాలుగోసారి కదిలింది.

మెల్లగా, ఓపిగ్గా, వంటింటి గోడమీద తట్టినట్టు. ఆ నాలుగోది చెలమయ్యకు తెలియదు. పైడికి తెలియదు. మాంత్రికుడి ఏ గ్రంథంలోనూ లేదు.

ఈటె విరిగిన చప్పుడు వెనక వినపడింది. గైరమ్మ కాషాయం కుచ్చిళ్ళు పైకెత్తి నడుములో దోపుకుంది.

"వస్తన్నాను నూకాలత్తా," అంది, ఆ పేరును నమిలి రుచి చూస్తూ, ఎర్రటి నీళ్ళలోకి మొదటి మెట్టు దిగింది.